స్ఫింక్స్ వేసిన ప్రశ్న: డాక్టరు థూడికమ్ జీవితము

జీవరసాయన శాస్త్రము చదువు విద్యార్థికి మెదడును గూర్చిన ప్రకరణమున స్ఫింగోసిన్ అను పదము తటస్థించును. పరీక్షకొరకు ఆ పదమును కంఠస్థము చేసి, దాని నిర్మాణచిత్రమును రెండు మారులు గీచి, అతడు ముందునకు సాగిపోవును. ఆ పదములో ఒక పురాణగాథ దాగియున్నదనియు, ఆ పేరు పెట్టిన మనుష్యుడు ఆ పదార్థము కొరకు ఏండ్ల తరబడి శ్రమించి, సమకాలికుల పరిహాసమునకు పాత్రుడయ్యెననియు అతనికి చెప్పువారు అరుదు. ఆ మనుష్యుని పేరు యోహాన్ లుడ్విగ్ విల్హెల్మ్ థూడికమ్. మెదడు యొక్క రసాయన శాస్త్రమునకు పునాది వేసినవాడు ఆయన. చక్కెరయు క్రొవ్వును ఒకే అణువునందు కలిసియుండు పదార్థములను, అనగా నేడు గ్లైకోలిపిడ్లు అని పిలువబడువానిని, మెదడునుండి శుద్ధముగా విడదీసి, వాని అంగములను వేరువేరుగా చూపినవాడును ఆయనయే.

బాల్యము, విద్య

జర్మనీ దేశమున హెస్సె ప్రాంతములో బ్యూడింగెన్ అను చిన్న పట్టణము కలదు. 1829వ సంవత్సరము ఆగష్టు 27వ తేదీన థూడికమ్ అచ్చట జన్మించెను. తండ్రి గియోర్గ్ థూడికమ్ క్రైస్తవ మతాచార్యుడు; ఆ యూరి ఉన్నత పాఠశాలకు అధిపతి. గ్రీకు భాషలో గట్టి పండితుడై, సోఫోక్లీజ్ మహాకవి విషాద నాటకములను జర్మను భాషలోనికి అనువదించినవాడు. ఉపాధ్యాయుని యింట పుట్టిన బిడ్డకు ఆస్తిపాస్తులు లేకపోయినను పుస్తకములకు లోటుండదు. ఈ గ్రీకు వాసన థూడికమ్‌ను కడవరకు విడువలేదనుటకు ఆయన తన పదార్థములకు పెట్టిన పేర్లే సాక్ష్యము.

1847లో ఆయన గీసెన్ విశ్వవిద్యాలయమున వైద్యవిద్యార్థిగా చేరెను. ఆ కాలమున గీసెన్ పేరు చెప్పగానే లోకమునకు లీబిగ్ జ్ఞప్తికి వచ్చెడివాడు. రసాయన శాస్త్రమును ఉపన్యాసములు వినుటచేత గాక, విద్యార్థి స్వహస్తములతో కాచి, వడపోసి, కాల్చి, తూచి నేర్చుకొనవలెనని శాసించి, ఆ పద్ధతిని స్థాపించిన గురువు లీబిగ్. ఒక పదార్థమును దహించి, అందుండి వెలువడిన వాయువును పట్టి, తూకమువేసి, ఆ పదార్థమునందు అంగారము ఎంత, ఉదజని ఎంత అని నిర్ణయించు విద్య ఆ ప్రయోగశాలలో పరిపూర్ణత నొందెను. థూడికమ్ వైద్యము చదువుచునే ఈ విద్యను అభ్యసించెను. తక్కెడ చెప్పినదే సత్యమనియు, పెద్దలు చెప్పినది తక్కెడకు లోబడవలెననియు ఆయనకు కలిగిన విశ్వాసమునకు మూలము ఇచ్చటనే కలదు.

1848లో జర్మనీ అంతట స్వాతంత్ర్యోద్యమము చెలరేగెను. యువకుడైన థూడికమ్ సానుభూతి ఆ ఉద్యమము వైపే యుండెను. 1850లో ష్లెస్విగ్-హోల్‌స్టైన్ యుద్ధమున స్వచ్ఛందముగా శస్త్రవైద్యుడై సేవచేసెను. 1851లో వైద్యపట్టము పుచ్చుకొని, గీసెన్‌లోనే ఒక ఉద్యోగము నాశించెను, అది లభింపలేదు. ఆయన రాజకీయాభిప్రాయములే అందుకు అడ్డువచ్చినవని చెప్పుదురు. స్వదేశమున తలుపులు మూసికొనగా, ఇరువదినాలుగేండ్ల వయస్సున, 1853లో, ఆయన లండను నగరము చేరెను. మరుసటి సంవత్సరమున షార్లట్ డ్యూప్రే అను కన్యను వివాహమాడెను. లండనే ఆయనకు శాశ్వత నివాసమయ్యెను. 1859లో బ్రిటిషు పౌరసత్వమును స్వీకరించెను.

లండను నగరమున

పరదేశి, పలుకుబడి లేనివాడు, వైద్యవృత్తిచే కుటుంబమును పోషించుకొనవలసినవాడు. అట్టివాడు పరిశోధనకు కాలమెట్లు చిక్కించుకొనెనో ఊహించుకొనవలసినదే. ఐనను 1858లో మూత్రపరీక్షను గూర్చి ఒక పెద్ద గ్రంథమును, 1863లో పిత్తాశయములోని రాళ్ళను గూర్చి మరియొక గ్రంథమును ప్రకటించెను. మూత్రమునకు పసుపువన్నె నిచ్చు పదార్థమును గూర్చి చేసిన పరిశోధనకు 1864లో బ్రిటిషు వైద్యసంఘము వారు హేస్టింగ్స్ బంగారు పతకము నొసగిరి.

ఆ దినములలో ఇంగ్లాండు ప్రభుత్వమునకు ప్రధాన వైద్యాధికారి సర్ జాన్ సైమన్. లండను అప్పటికే పలుమారులు కలరాచే పీడింపబడిన నగరము. 1866లో తిరిగి ఆ మహమ్మారి తూర్పు పేటలను చుట్టుముట్టెను. టైఫస్ జ్వరము పేదల ఇండ్లను విడువకుండెను. మురుగుకాలువలు బాగుచేయుట, త్రాగునీటిని కాపాడుట మాత్రమే చాలదనియు, రోగము శరీరములోపల ఏ పదార్థమును ఎట్లు మార్చుచున్నదో తెలిసికొననిదే వైద్యము గ్రుడ్డివాని నడకయే యగుననియు సైమన్ తలంచెను. ఈ పనికి ఆయన ఎన్నుకొనిన రసాయనవేత్త థూడికమ్. 1865లో సెంట్ థామస్ ఆసుపత్రిలో రసాయన వ్యాధివిజ్ఞాన ప్రయోగశాలకు థూడికమ్ మొదటి అధ్యక్షుడయ్యెను. రక్తమునందలి ఎఱుపువర్ణకమునుండి ఇనుము తొలగించి ఆయన పొందిన పదార్థము పిదప హెమటోపోర్ఫిరిన్ అను పేర ప్రసిద్ధమయ్యెను. గ్రుడ్డులోని పచ్చసొనకును, మొక్కజొన్నకును, మఱికొన్ని వస్తువులకును పసుపువన్నె నిచ్చు వర్ణకముల సముదాయమునకు ల్యూటీన్ అని పేరిడి వర్ణించినదియు ఈ కాలముననే.

టైఫస్ సోకినవాడు ప్రలాపించును, స్మృతి తప్పును. కావున ఆ రోగము మెదడునందలి పదార్థములను మార్చుచుండవలెనని థూడికమ్ ఊహించెను. కాని రోగగ్రస్తమైన మెదడు ఎట్లు మారినదో చెప్పుటకు ఆరోగ్యవంతమైన మెదడున ఏమున్నదో ముందు తెలియవలెను గదా! అది ఎవ్వరికిని తెలియదు. ఆ అజ్ఞానమును తొలగించుటయే తన జీవితకార్యమని ఆయన నిశ్చయించుకొనెను.

మెదడును విడదీయుట

1871లో ఆయన ఆసుపత్రి ప్రయోగశాలను వదలెను. అటుపిమ్మట పరిశోధన చాలవరకు సొంత ప్రయోగశాలలోనే సాగెను. పగలు రోగులను చూచుట, మిగిలిన కాలమున మెదళ్ళను కాచుట. మనుష్యుల మెదళ్ళును, ఎద్దుల మెదళ్ళును కలిపి వేయికి పైగా ఆయన చేతిమీదుగా నడచినవని చెప్పుదురు.

పనితీరు చెప్పుటకు సులభము, చేయుటకు దుస్సాధ్యము. మెదడుపైనుండు పొరలను, రక్తమును తొలగించి, మెత్తగా చేసి, వెచ్చని ఆల్కహాలులో మరల మరల నానబెట్టవలెను. ఆల్కహాలు చల్లారినపుడు తెల్లని మడ్డి అడుగున పేరుకొనును. ఆ మడ్డిని ఈథరుతో కడిగినచో కొంత కరగిపోవును, కొంత మిగులును. కరగినదానిని మరియొక ద్రవముతో, మిగిలినదానిని వేరొక లవణముతో విడదీయవలెను. ఇట్లు ఒక్కొక్క భాగమును తిరిగి తిరిగి శుద్ధిచేసి, ఇక దాని కూర్పు ఎన్నిమార్లు కడిగినను మారదని తక్కెడ సాక్ష్యమిచ్చువరకు విడువరాదు.

ఈ ఓర్పునకు ఫలముగా ఆయన మెదడునందలి క్రొవ్వుజాతి పదార్థములను తెగలుగా విభజింపగలిగెను. ఆయన చేతిలోని కొలబద్ద చిత్రమైనది. ఒక్కొక్క పదార్థమున భాస్వరమెంత, నత్రజని ఎంత అని చూచి, వాని నిష్పత్తిని లెక్కించెను. లెసిథిన్‌లోను, తాను కనుగొనిన సెఫాలిన్‌లోను భాస్వరపు పరమాణువు ఒకటికి నత్రజని పరమాణువు ఒకటి. స్ఫింగోమయెలిన్ అని తాను పేరిడినదానిలో భాస్వరము ఒకటికి నత్రజని రెండు. మరియొక తెగలో నత్రజని కలదు కాని భాస్వరము బొత్తిగా లేదు. ఈ మూడవ తెగకే ఆయన సెరిబ్రోసైడులు అని పేరిడెను. 1874లో ప్రభుత్వ వైద్యనివేదికలో ఈ ఫలితములు వెలువడినవి.

ఈ సెరిబ్రోసైడును ఆమ్లముతో కాచి పగులగొట్టగా మూడు ముక్కలు చేతికి వచ్చినవి. ఒకటి క్రొవ్వు ఆమ్లము. రెండవది, ఎవ్వరును ఊహింపని విధముగా, ఒక చక్కెర. ఆలోచనకు నిలయమనుకొనిన మెదడులో చక్కెర క్రొవ్వును అంటిపెట్టుకొని యుండుట వింత గాక మరేమి? ఆయన దానిని సెరిబ్రోజ్ అనెను. అది పాలచక్కెరలోని ఒక భాగమైన గాలక్టోజే యని 1890లో ఇతరులు నిరూపించిరి. మూడవ ముక్క నత్రజని గల ఒక క్షారము. అది ఆనాటికి తెలిసిన ఏ జాతిలోను ఇమడలేదు. దీనికే స్ఫింగోసిన్ అని పేరు.

గ్రీకు గాథలో స్ఫింక్స్ స్త్రీముఖమును సింహశరీరమును గల వికృతసత్త్వము. థీబ్స్ నగరపు త్రోవను కాచి, వచ్చుపోవువారిని ఉదయమున నాలుగు కాళ్ళ, మధ్యాహ్నమున రెండు కాళ్ళ, సాయంకాలమున మూడు కాళ్ళ నడచు ప్రాణి యేదని అడుగును, చెప్పలేనివానిని చంపును. ఈడిపస్ వచ్చి, అది మనుష్యుడే యని చెప్పి దానిని జయించెను. సోఫోక్లీజ్ నాటకములలో ఆ ఈడిపసే నాయకుడు. తండ్రి అనువదించిన కథ కుమారుని ప్రయోగశాలలో మరల తలయెత్తెనని మనము తలంచిన తప్పులేదు. ఈ పదార్థము తన్ను పరీక్షించువారికి ఎన్నో చిక్కుప్రశ్నలు వేయుచున్నది గనుక స్ఫింక్స్ పేరు దీనికి తగునని థూడికమ్ వ్రాసెను.

మన భారతకథలోను సరస్సు చెంత యక్షుడు ఇట్లే ప్రశ్నించెను. ప్రశ్నకు సమాధానము చెప్పకయే నీరు త్రాగబోయిన నలుగురు తమ్ములు ఒడ్డున కూలిరి. దాహమును బిగబట్టి ప్రశ్న ముందు నిలిచిన ధర్మరాజు వారిని బ్రదికించుకొనెను. థూడికమ్ ఎదుట కూడ ఆ రెండు మార్గములే యుండెను. ఆయన తనకు తెలియనిదానికి తెలిసినట్లు పేరు పెట్టలేదు. ప్రశ్ననే పేరుగా ఉంచెను. ఆయన ప్రతికక్షులు మరియొక మార్గము త్రొక్కిరి.

ప్రోటగాన్ వివాదము

1865లో ఆస్కార్ లీబ్రైక్ అను జర్మను శాస్త్రజ్ఞుడు మెదడునుండి ఒక తెల్లని స్ఫటికపదార్థమును తీసి, మెదడునందలి ముఖ్యపదార్థము ఇది యొక్కటియే యని ప్రకటించెను. అగ్రేసరత్వమును స్ఫురింపజేయు గ్రీకు పదముతో దానికి ప్రోటగాన్ అని నామకరణము చేసెను. తరువాత క్లోరల్ హైడ్రేటును నిద్రమందుగా లోకమునకు పరిచయము చేసి ఖ్యాతి గన్నవాడు ఈయనయే. ప్రోటగాన్ విషయమున కొందరు సందేహము తెలిపినను, 1879లో మాంచెస్టరు నగరపు ఆచార్యుడు ఆర్థర్ గామ్జీ, తన సహచరునితో కలిసి, ప్రోటగాన్ నిజముగా ఒకే పదార్థమని మరల స్థాపింపబూనెను.

థూడికమ్ ఒప్పుకొనలేదు. ఆయన వాదము బడిపిల్లలకు కూడ బోధపడునంత సరళము. ఒక వస్తువు నిజముగా ఒకటియే యైనచో, దానిని ఎన్నిమారులు కరగించి స్ఫటికములు చేసినను కూర్పు మారరాదు. ప్రోటగాన్‌లో నూటికి ఒక పాలు భాస్వరము కలదందురు. కాని దానిని విడదీయగా ఒక భాగమున భాస్వరము పెరుగుచున్నది, మరియొక భాగమున శూన్యమగుచున్నది. పాలలో నీరు కలిపి, ఆ కలిపినదానికి ఒక క్రొత్త పేరు పెట్టినంతమాత్రమున క్రొత్త పదార్థము పుట్టదు గదా. ప్రోటగాన్ మిశ్రమమే యని ఆయన తీర్పు.

తర్కము స్పష్టముగనే యుండెను. కాని వినువారు లేరైరి. గామ్జీకి విశ్వవిద్యాలయ పీఠము కలదు, మిత్రులు కలరు. థూడికమ్‌కు పీఠము లేదు. జర్మనీలో శారీర రసాయన శాస్త్రమునకు పెద్దదిక్కయి, 1877నుండి ఒక ప్రముఖ పత్రికను నడపుచుండిన హొప్పె-జైలర్‌తోను ఆయనకు సఖ్యత లేదు. ఆయన మాట కటువు, కలము పదును, ప్రత్యర్థి తప్పును ఎత్తిచూపునపుడు మర్యాదలు పాటించు ఓపిక ఆయనకు తక్కువ. ఆయన చెప్పినదంతయు సత్యము కూడ కాలేదు. పిత్తవర్ణకములకు ఆయన నిర్ణయించిన సూత్రములు నిలువలేదు. ఒకచోట పొరబడినవాడు అన్నిచోట్ల పొరబడుననుట లోకరీతి. పరిహాసములు సాగినవి. సైమన్ 1876లో పదవి విరమించుటతో ఆయనకుండిన అండ తొలగెను. కొంతకాలమునకు ప్రభుత్వపు ధనసహాయమును నిలిచిపోయెను. రాయల్ సొసైటీ సభ్యత్వము ఆయనకు ఎన్నడును దక్కలేదు.

థూడికమ్ కృంగలేదు. తన పరిశోధనలకు చోటు చాలక, 1879లోను 1881లోను రసాయన వైద్యమును గూర్చి రెండు సంపుటములు తానే వెలువరించెను. 1884లో మెదడు యొక్క రసాయన నిర్మాణమును గూర్చిన మహాగ్రంథము లండనులో అచ్చయ్యెను. మతిభ్రమణాది వ్యాధులలో పెక్కింటికి శరీరమునందే పుట్టు విషములు కారణములుగా తేలుననియు, మెదడు యొక్క రసాయన తత్త్వము తెలిసిననాడే వానికి నిజమైన చికిత్స దొరకుననియు ఆయన అందు ఆశించెను.

మనుష్యుడు

ఇట్టివాడు ముఖము చిట్లించుకొని కూర్చుండు ఏకాంతవాసి యనుకొనిన పొరపాటు. ఆయన సంగీతప్రియుడు, భోజనప్రియుడు. రసాయనవేత్తయైన ఆగస్ట్ డ్యూప్రేతో కలిసి 1872లో ద్రాక్షసారాయముల పుట్టుపూర్వోత్తరములను గూర్చి ఒక గ్రంథమును, 1895లో పాకశాస్త్రమును గూర్చి మరియొక పెద్ద గ్రంథమును రచించెను. మెదడును వడపోసిన చేతులే వంటింటి రహస్యములను కూడ విప్పినవి. చెవి, ముక్కు, గొంతు వ్యాధుల చికిత్సలో మంచి పేరు గడించెను. ఆ వృత్తివలన వచ్చిన రాబడియే ఆయన పరిశోధనను నిలబెట్టెను.

జీవితపు చివరి దశలో ఆయన తన మహాగ్రంథమును తిరుగవ్రాసి, జర్మను భాషలో సిద్ధపరచెను. 1901లో అది ట్యూబింగెన్ నగరమున ప్రకటింపబడెను. ఆ సంవత్సరముననే సెప్టెంబరు 7వ తేదీన లండనులో, మెదడులో రక్తనాళము చిట్లి, డెబ్బదిరెండవ యేట ఆయన మరణించెను. జీవితమంతయు మెదడును శోధించినవానికి మెదడే మృత్యుస్థానమయ్యెను.

కాలము చెప్పిన తీర్పు

ఆయన పోయిన ఆరేండ్లకు, 1907లో, లండనులోని కింగ్స్ కళాశాలకు చెందిన ఆటో రోజన్‌హైమ్, క్రిస్టీన్ టెబ్ అనువారు ప్రోటగాన్‌ను మరల పరీక్షించిరి. అది ఒకే పదార్థము కాదని, మిశ్రమమని తేల్చిరి. థూడికమ్ చెప్పినదే నిజమయ్యెను. అగ్రేసరుడను పేరు పెట్టుకొనిన ప్రోటగాన్ పుస్తకములనుండి తొలగిపోయెను. ప్రశ్నను పేరుగా ధరించిన స్ఫింగోసిన్ మిగిలెను. దాని నిర్మాణమును అమెరికాలో హెర్బర్ట్ కార్టర్ 1947లో సరిగా నిర్ణయించి, ఈ వంశమంతటికి స్ఫింగోలిపిడ్లు అని పేరిడెను.

భాస్వరమును కొలిచి క్రొవ్వులను తెగలు పరచు మార్గము థూడికమ్ వేసినదే. దానిని సుగమము చేసినవారిలో తెలుగువాడొకడు కలడనుట మనకు సంతోషకరము. భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డులో ఫిస్కెతో కలిసి 1925లో ప్రకటించిన భాస్వర పరిమాణ నిర్ణయపద్ధతి, భాస్వరము గల క్రొవ్వులను కొలుచుటకు దశాబ్దములపాటు ప్రపంచమంతట ప్రయోగశాలలలో వాడుకలో నుండెను. థూడికమ్‌కు రోజులు పట్టిన కొలత దీనివలన కొద్ది సమయములో ముగిసెడిది.

1942లో జర్మనీలోని కొలోన్ నగరమున ఎర్న్‌స్ట్ క్లెంక్ మెదడునందలి మరింత చిక్కని గ్లైకోలిపిడ్లకు గాంగ్లియోసైడులు అని పేరిడెను. సెరిబ్రోసైడునకు చక్కెర ఒక్కటియే. వీనికి చక్కెరలు కొమ్మలు వేసిన గొలుసుగా ఉండును. టే-శాక్స్ అను వ్యాధిలో, కొన్ని మాసములవరకు చక్కగా ఆడుకొనిన శిశువు క్రమముగా చూపును, కదలికను కోల్పోయి, కొద్ది యేండ్లకే మరణించును. అందులకు కారణము ఇట్టి ఒక గాంగ్లియోసైడును విడగొట్టు ఎంజైము లోపించుటయే యని 1969లో తేలెను. శరీరము నందే పేరుకొను పదార్థము మెదడును నశింపజేయునన్న థూడికమ్ ఊహ ఈ వ్యాధివిషయమున అక్షరాల ఫలించెను.

విడదీసినదానిని మరల కూర్చుట

ఇక ఈ పదార్థములు శరీరములో చేయు పనియేమి? ప్రతి కణమునకును ఒక పలుచని పొర కలదు. అది క్రొవ్వు అణువులు రెండు వరుసలుగా, తోకలు లోపలికిని తలలు నీటివైపునకును ఉండునట్లు పేర్చుకొనుటచే ఏర్పడినదని 1925లో హాలెండు శాస్త్రజ్ఞులు గోర్టర్, గ్రెండెల్ సూచించిరి. ఈ పొరయొక్క వెలుపలి వరుసలో గ్లైకోలిపిడ్లు తమ రెండు తోకలను నాటుకొని, చక్కెరతలను బయటికి ఎత్తియుంచును. గుమ్మము ముందరి ముగ్గును చూచి ఇల్లు గుర్తుపట్టినట్లు, బయటినుండి వచ్చు మాంసకృత్తులు ఈ చక్కెరలను చూచి కణమును గుర్తించును.

కాని సహజమైన కణత్వచమున వందలకొలది పదార్థములు కలిసియుండును. ఏ మాంసకృత్తు దేనిని పట్టుకొనుచున్నదో అందు తెలియదు. అందువలన శాస్త్రజ్ఞులు థూడికమ్ మార్గమును తిరుగవేసిరి. ఆయన మెదడును విడదీసి పదార్థములను సీసాలలో నిలిపెను. వీరు ఆ సీసాలలోని పదార్థములను తెలిసిన పాళ్ళలో కలిపి కృత్రిమమైన పొరను కట్టిరి. 1960 దశాబ్దమున ఇంగ్లాండులో కేంబ్రిడ్జి చేరువనుండు బేబ్రహామ్‌లో అలెక్ బాంఘమ్, లెసిథిన్‌ను నీటిలో కలిపినచో అది తనంతట తానే సూక్ష్మమైన బుడగలుగా మూసికొనునని చూపెను. ఇట్టి నమూనా పొరలలో తమకు కావలసిన గ్లైకోలిపిడ్ ఒక్కదానిని చేర్చి, దాని నడవడిని పరీక్షించుట సాధ్యమయ్యెను.

ఇందుకు గొప్ప ఉదాహరణము కలరాయే. థూడికమ్ గ్రంథము వెలువడిన 1884లోనే రాబర్ట్ కాఖ్ కలకత్తానుండి కలరా సూక్ష్మజీవిని గూర్చి ప్రకటించెను. ఆ సూక్ష్మజీవి విడుచు విషమే ప్రాణాంతకమని 1959లో ఆ కలకత్తాలోనే శంభునాథ్ దే కుందేళ్ళ ప్రేవులపై ప్రయోగములచే నిరూపించెను. ఆ విషము మాంసకృత్తు. అది ప్రేవుకణములను దేనిమూలమున పట్టుకొనుచున్నది? గాంగ్లియోసైడులు దానిని నిర్వీర్యము చేయుచున్నవని 1971లో వాన్ హైనింగెన్ మున్నగువారు కనుగొనిరి. అందు జి.ఎమ్.1 అను ఒక్క గాంగ్లియోసైడే దానికి గ్రాహకమని 1973లో స్థిరపడెను. జి.ఎమ్.1 గల నమూనా పొరను విషము పట్టుకొనును, జి.ఎమ్.1 లేనిదానిని దాదాపు ముట్టనే ముట్టదు.

ఆ విషమునకు అయిదు వ్రేళ్ళ చేయివంటి భాగము కలదు. ఒక్కొక్క వ్రేలు ఒక్కొక్క జి.ఎమ్.1 చక్కెరను పట్టుకొనును. ఒక్క పట్టు బలహీనమే యైనను అయిదు కలిసినపుడు అది వీడదు. పిమ్మట విషములోని మరియొక భాగము కణములో ప్రవేశించి, లవణములను నీటిని ప్రేవులోనికి వదలించును. తీవ్రరోగి గంటకు ఒక లీటరు నీటివరకు కోల్పోవచ్చును. మన పల్లెలలో గత్తర అని వణకిన వ్యాధి యొక్క తొలి అడుగు ఈ చక్కెర పట్టే.

నమూనా పొరలు మరికొన్ని సూక్ష్మములను నేర్పినవి. గ్లైకోలిపిడ్ల తోకలు పొడవుగా, నిటారుగా ఉండుటచేతను, స్ఫింగోసిన్ భాగములు ఒకదానినొకటి ఉదజని బంధములచే పట్టుకొనుటచేతను అవి పొరలో గుంపులు కట్టును. గుంపు ఎంత దట్టమైన పట్టు అంత గట్టిపడునని ఎవ్వరైనను అనుకొందురు. కాని జి.ఎమ్.1 మరీ క్రిక్కిరిసినచో విషము యొక్క పట్టు తగ్గునని 2007లో ఒక ప్రయోగము చూపెను. ఇరుకైన సందులో వ్రేళ్ళకు చోటు చిక్కదు గాబోలు. కొలెస్టరాల్ చెంతనున్నపుడు చక్కెరతల వంగి పొరను అంటియుండి, కొన్ని మాంసకృత్తులకు అందకుండ పోవునని 2011లో మరియొక పరిశోధన తెలిపెను. అనగా ఏ పదార్థము ఉన్నదనుటయే చాలదు. అది ఎవరి ప్రక్కన, ఏ భంగిమలో నిలిచియున్నదో కూడ తెలియవలెను. స్ఫింక్స్ ఒక ప్రశ్నకు సమాధానము పొంది మరియొక ప్రశ్న వేయుచునేయున్నది.

అమెరికా ఆచార్యుడు డేవిడ్ డ్రాబ్కిన్ 1958లో థూడికమ్ జీవితచరిత్ర వ్రాసి ఆయనకు దక్కవలసిన గౌరవమును చాటెను. ఆయన పేర ఇంగ్లాండులో ఒక పతకమును నెలకొల్పిరి. బ్రదికియుండగా గౌరవింపనివారు చనిపోయిన పిదప పతకములు చేయించుట లోకమున క్రొత్త గాదు. ఈ జీవితమునుండి ఉపాధ్యాయులును విద్యార్థులును గ్రహింపదగినది వేరొకటి కలదు. పేరు పెట్టుట వేరు, తెలిసికొనుట వేరు. తెలియనిదానికి గంభీరమైన పేరు తగిలించి తృప్తిపడినచోట విచారణ ఆగిపోవును. ఇది నాకింకను తెలియదని ఒప్పుకొని, తక్కెడను చేతబట్టి, విడదీయుచు పోయినచోట అది సాగును. థూడికమ్ తాను సమాధానము చెప్పలేని ప్రశ్నను చెరపక, వన్నె తగ్గింపక, తరువాతివారి చేతిలో భద్రముగా పెట్టిపోయెను. స్ఫింగోసిన్ అను ఆ చిన్న పదము ఆయన మనకు అప్పగించిన ప్రశ్నాపత్రము.